ఎడమవైపు కిటికీ

"ఆ గోడ ఎంత ఎత్తు లేస్తుందమ్మా?"

టేపు పట్టుకుని వంగిన ఆర్కిటెక్టు విసుగ్గా తలెత్తింది. ఎడమవైపు పక్కింటి ముసలాయన. చిరిగిన బనీను, చేతిలో పాలగిన్నె.

రెండిళ్ల మధ్య పదిన్నర అడుగుల జాగా అది. ఇల్లు కట్టించుకుంటున్న దర్జీ సంసారం మొత్తం అందులో ఇమడాలి. ఇప్పటికి నాలుగు ప్లాన్లు గీస్తే నాలుగూ మున్సిపల్ ఆఫీసు నుంచి తిరిగొచ్చాయి. ఎడమవైపు ఇంటి ఓనరు సంతకం లేనిదే గోడ లేవకూడదట. ఆ సంతకం తాను తెస్తానన్నాడు దర్జీ. ఐదో ప్లాను ఆమె సంచిలో ఉంది, రేపు ఇవ్వాలి. ఇదీ తిరిగొస్తే ఇల్లు కట్టే ఆలోచనే మానుకుంటానన్నాడు. ఆమెకూ ఓపిక అడుగంటింది.

ఎత్తు అడిగిన పొరుగువాడు ఫిర్యాదు చేసి తీరతాడు. పదిహేనేళ్లలో ఆమె నేర్చుకున్నదదే. పైగా ఈయన అద్దెకున్నవాడిలా ఉన్నాడు. వెళ్లి ఓనరు చెవిన వేస్తే అంతే సంగతులు.

"ఎంతో లేవదండీ."

"మరి మా కిటికీ?"

"దానికేం కాదు."

తెలిసే అబద్ధమాడింది.

ఆయన మొహం విప్పారింది. లోపలికెళ్లి ఎవరితోనో అంటున్నాడు.

"ఏం కాదటే. నీ మంచం కదపక్కర్లేదు."

వారానికి మళ్లీ వచ్చాడు.

"అమ్మా, నిజంగానే..."

"చెప్పాగా తాతగారూ. పని చేసుకోనివ్వండి."

ఆ తర్వాత రాలేదు.

దర్జీ తెచ్చిన సంతకంతో అనుమతి వచ్చింది. గోడ లేచి కిటికీని ముప్పాతిక మింగేసింది.

ఓ రోజు పట్టపగలు పదింటికి, మిగిలిన సందులోంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఇంకా తెల్లారలేదేంటండీ?"

"మబ్బు పట్టిందే. పడుకో."

ఆర్కిటెక్టు చేతిలో టేపు చుట్టుకుపోయింది. వెలుతురు కోసం దర్జీ ఇంటి వెనక నాలుగడుగులు వదిలింది. ఆ ఖాళీని ఈ కిటికీ ఎదురుకి జరిపి ఉంటే సరిపోయేది. రెండు గీతల పని. అడగబోయి ఎవరిని రెచ్చగొడతామో అని భయపడింది. ఇప్పుడు స్లాబు కూడా వేసేశారు.

సిగ్గుతో దర్జీ దగ్గరికెళ్లింది.

"పక్కింటాయన ఇంకా ఫిర్యాదు చెయ్యలేదేం?"

"బాబాయిగారా? ఆయనెందుకు చేస్తారు మేడమ్?" దర్జీ మిషను ఆపాడు. "గోడ కిటికీకి ఎంతవరకు అడ్డొస్తుందో ముందే తెలిస్తే పిన్ని మంచం వీధి గదిలోకి మార్చుకుంటానన్నారు. మిమ్మల్నే అడగమన్నాను. అడగలేదా?"

"అంటే... కిటికీ మూసుకుపోవచ్చని ఆయనకి ముందే తెలుసా?"

"తెలియకేం? మన కాగితం మీద సంతకం పెట్టిన ఓనరు ఆయనే కదా."