నీలం రాయి ఏ వైపు?

"తిరగేసి పెట్టావమ్మా! రాయి లోపలికి పోయింది."

"నోర్ముయ్యవే. పద్దెనిమిదేళ్లు మీ నాన్నకి నేనే పెట్టాను. ఒక్కనాడైనా తిరగబడిందన్నాడా ఆ మనిషి?"

కూతురు రెండు చేతులూ చాపి కిటికీ దగ్గర నిలబడి ఉంది. తల్లి రెండో చొక్కా చేతి చివర కఫ్ మడత సరిచేస్తోంది. పెద్ద హోటల్లో, భోజనాల హాల్లో వడ్డించే ఉద్యోగం. ఈరోజే మొదటి రోజు. తండ్రి పోయేదాకా పనిచేసింది కూడా అక్కడే. కఫ్ అంచులు రెండూ కలిపి గుండీకి బదులు పెట్టే ఈ నీలం రాయి కఫ్‌లింకులు ఆయనవే.

"శిక్షణలో చూపించారమ్మా. మామూలు గుండీ చొక్కాకి ఇవి అక్కర్లేదు. గుండీ ఉండి రెండు పక్కలా కాజాలు కూడా ఉంటే మన ఇష్టం. ఇలా మడిచే కఫ్‌కైతే పెట్టి తీరాలి. నాలుగు కాజాలూ ఒక వరసలోకి తెచ్చి..."

"నాకు తెలీదా? అంచు మీద అంచు ఎక్కకూడదు. రెండు అరచేతులూ జోడించినట్టు ఆనుకుని ఉండాలి. గుండీ పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి వేస్తే మూతి కట్టిన సంచిలా ఉంటుంది."

"అదంతా బానే ఉంది. రాయే..."

"రాయి నాకు కనపడుతోందిగా!"

కనపడుతూనే ఉంది. అరచేతులు పైకి పెట్టి, చేతులు వెల్లకిలా చాపితే రాయి సరిగ్గా ఆవిడ కళ్లెదుటే ఉంటుంది. ఆయనా అలాగే చాపేవాడు. గంజి వాసన, ఇంకా ఆరని ఇస్త్రీ వేడి, ఆ వేడి కింద ఆయన మణికట్టు. "నువ్వు పెడితే జారవే" అనేవాడు. అన్నట్టే ఒక్కనాడూ జారలేదు.

"గట్టిగా ఉన్నాయో లేదో చూసుకో. ఎవరి సూపులోనైనా పడితే? చూసుకోక మింగేస్తే? ముందు పోలీసులొచ్చేది మనింటికే."

"సూపు తాగడానికొస్తారమ్మా, రాళ్లు మింగడానిక్కాదు."

"నవ్వు, నవ్వు. అక్కడ భూతద్దం ఉన్నాడు."

భూతద్దం అంటే ఆ హోటల్లో వడ్డించేవాళ్లందరికీ పెద్ద. చొక్కా మీద దారప్పోగు కనపడినా వెనక్కి పంపేస్తాడని ఆయన చెప్పేవాడు. మొదటి రోజే పంపేశారంటే మళ్లీ పిలవరు.

కూతురు గడియారం చూసుకుంది. కోటు తొడుక్కుని బస్సుకి పరిగెత్తింది. వాదించి ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా వెళ్లిపోయేసరికి తల్లికి గుండెల్లో రాయి పడింది.

పెట్టెలోంచి ఆయన పాత చొక్కా తీసింది. కట్టుకున్న బట్టల మీదే తొడుక్కుంది. ఆయనదే ఇంకో కఫ్‌లింకుల జత, నల్లరాయిది, అందులోంచి ఒకటి తీసి, తన ఎడమ చేతి కఫ్‌కి తనెప్పుడూ పెట్టినట్టే పెట్టింది. వంటింట్లోంచి ఒక పళ్లెం తెచ్చి, వచ్చినవాళ్ల ముందు ఆయన ఎలా పెట్టేవాడో అలా బల్ల మీద పెట్టింది.

చెయ్యి బోర్లా తిరిగింది. రాయి కిందికి పోయింది. పైకి రాయి వెనకుండే ఒట్టి ఇనప పుల్ల తేలింది.

"ఓరి దేవుడా! చెయ్యి వెల్లకిలా పెట్టి ఎవడు వడ్డిస్తాడు?"

పద్దెనిమిదేళ్లు. నలుగురిలోకి ఆ మనిషిని ఇనప పుల్ల కనపడేలా పంపింది. ఎంతమంది నవ్వారో! ఇప్పుడు పిల్లని కూడా అలాగే పంపింది. ఈపాటికి గెంటేసే ఉంటారు. ఏడుపు కళ్లతో రోడ్డు దాటుతూ ఏ లారీ కిందో...

చెప్పులు తొడుక్కుని పరిగెత్తింది. ఒంటి మీద ఆయన చొక్కా ఉందన్న సంగతి బస్సులో అందరూ చూస్తుంటే గానీ గుర్తు రాలేదు.

హోటల్ వెనక గుమ్మం మెట్ల మీద భూతద్దం టీ తాగుతున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"అన్నయ్యగారూ, పంపేశారా దాన్ని?"

"ఎవర్ని చెల్లెమ్మా? ముందు కాస్త ఊపిరి తీసుకో."

"మా అమ్మాయిని. రాయి తిరగేసి పెట్టింది నేనండీ. అది చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఇంకెప్పుడూ దాని చొక్కా ముట్టుకోను. ఉద్యోగం మాత్రం తియ్యకండి."

పెద్దాయన గ్లాసు పక్కన పెట్టాడు. "మీ పిల్ల లోపల మూడో బల్ల దగ్గరుంది. రాళ్లు సరిగ్గానే ఉన్నాయి. లోపలికొచ్చే ముందు ఈ మెట్టు మీదే కూర్చుని తిప్పుకుంది. అచ్చం వాళ్ల నాన్నే అనుకుని నవ్వుకున్నాను."

"వాళ్ల నాన్నా?"

"రోజూ పొద్దున్నే ఇక్కడే కూర్చుని తిప్పుకునేవాడు కదా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పద్దెనిమిదేళ్లు ఒక మనిషి ఆ మాట కడుపులో దాచుకోవడమా? అది జరిగే పని కాదు.

"లేదన్నయ్యగారూ, మీరు ఇంకెవర్నో చూసి ఉంటారు. ఇంటికొచ్చాక విప్పేదాన్నీ నేనే. రాయి నేను పొద్దున పెట్టినట్టే ఉండేది. ఏనాడూ అటుది ఇటు కాలేదు."

"ఎందుకవుతుంది చెల్లెమ్మా? డ్యూటీ దిగాక మళ్లీ ఇక్కడే కూర్చుని, నువ్వు పెట్టినట్టు తిరగేసుకున్నాకే ఇంటికి బయల్దేరేవాడు."