వదిలేయాల్సిన లెక్క

"వదిలెయ్యండి" అన్నాడు రఫీ సార్.

జన్నత్ పెన్ను ఎత్తలేదు. "ఇంకొక్క నిమిషం సార్. వచ్చేస్తది."

"వచ్చినా లాభం లేదు. ఆ టైంల వేరేవి రెండు చేయొచ్చు. వదిలెయ్యండి."

వదిలేసింది గానీ మనసు ఆ లెక్క దగ్గరే ఉండిపోయింది. చిన్నప్పటినుంచీ పట్టిన పట్టు విడవని పిల్ల. ఎంబీఏ సీట్లకు క్యాట్ పరీక్ష పెట్టినవాళ్లకేమో అలాంటి పిల్లలంటే గిట్టదు. తెలిసిన లెక్కలు ఏరుకుని, మిగతావాటికి ఓ సలాం కొట్టి ముందుకు పోయేవాళ్లకే అక్కడ మార్కులు.

"మళ్లీ తొంభై ఒకటే" అంది, మాక్ టెస్టు ఫలితం చూసుకుని.

"అంటే వందమందిల తొంభై ఒక్కమందిని వెనకేసిన్రు. ఏడ్చేదేముంది?"

"నాకు తొంభై తొమ్మిది కావాలె సార్."

"అందరికీ అదే కావాలె."

ఆ కోచింగ్ సెంటర్ సికింద్రాబాద్ క్లాక్ టవర్ వెనక సందులో, చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఉంది. రఫీ సార్ సాయంత్రాలు మాత్రం వచ్చి లెక్కలు చెప్పి పోతాడు. వయసు చిన్నదే, కోపం మాత్రం ముక్కు మీదే. ట్యూబ్‌లైట్ కొట్టుకుంటే ఎవర్నీ పిలవడు, తనే బెంచీ ఎక్కి సరిచేసి, ఆ వైరింగ్ చేసినవాణ్ణి తిట్టుకుంటూ దిగుతాడు. జన్నత్ కేసి తలెత్తి సరిగ్గా చూసింది కూడా లేదు. చదువుకున్నానన్న పొగరు కాబోలు అనుకునేది జన్నత్.

ఆ రోజు మాత్రం ఆమె దుపట్టాతో కళ్లొత్తుకోవడం చూసి, మిగతావాళ్లు మెట్లు దిగేదాకా ఆగి అడిగాడు. "ఏంది మీ పరేషానీ?"

ఎవరో ఒకరు అడిగితే చాలన్నట్టుంది జన్నత్‌కి. "తొంభై తొమ్మిది వస్తే చదివిస్తానని మా అబ్బా మాటిచ్చిండు సార్. రాకపోతే నిఖా. సంబంధం సుత రెడీగున్నది."

"పిల్లగాడు మంచోడు కాదా?"

"ఏమో సార్. వాళ్ల అమ్మ, అక్క వచ్చి నన్ను చూసిపోయిన్రు. ఆయన ఫొటో పంపిన్రు గానీ నేను చూడలే. పేరు సుత నా ముందట ఎత్తొద్దన్న. ఏదో కరెంటు సామాన్ల దుకాణమున్నదంట, అంతే తెలుసు."

"చూస్తే నచ్చుతడేమో."

"అందుకే చూడలే సార్. నచ్చితే చదువాగిపోతది."

రఫీ సార్ వెనక్కి తిరిగి చాలాసేపు బోర్డు తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి దానిమీద ఏమీ లేదు.

"రేపటినుంచి గంట ముందు రండి" అన్నాడు చివరికి. "నేను సుత వస్త."

ఆ మర్నాటినుంచి జన్నత్‌ని నిలబెట్టి నీళ్లు తాగించాడు. ఏ లెక్క ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చూడగానే చెప్పాలి. తప్పు లెక్క మీద పెన్ను పెట్టిందంటే తిట్లు. స్కోరు మాత్రం మెట్టు మెట్టూ ఎక్కసాగింది. మారేడ్‌పల్లిలో ఇంటికి చేరాక కూడా సార్ తిట్లే గుర్తొచ్చి నవ్వుకునేది. మా సార్ ఇట్లన్నడు, మా సార్ అట్లన్నడు అని వాళ్లమ్మ అజ్మతున్నీసా చెవులు తినేసేది.

ఓ రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్న జిలానీ కబురు విప్పాడు. కంటోన్మెంట్‌లో మిలిటరీవాళ్లకు యూనిఫాంలు కుట్టే మనిషి. మాట కూడా కొలిచి కత్తిరించినట్టే ఉంటుంది.

"మల్కాజ్‌గిరి వాళ్లు ఫోన్ చేసిన్రు. రిజల్టు వచ్చేదాక ఆగుతరంట. తొందరేం లేదన్నడంట పిల్లగాడు."

"ఎందుకాగడు? నేనెప్పుడు ఫెయిలయితనా అని కొంగలెక్క కాసుకొని కూర్చున్నడు."

"నీ నోట్ల జెర మంచి మాట రాదానే?" అంది అజ్మతున్నీసా.

పరీక్ష ముందురోజు రఫీ సార్ కొత్త లెక్కలేమీ ఇవ్వలేదు. "రేపు మీకు బాగా ఇష్టమైన లెక్కొకటి ఎదురైతది. దాన్నే పట్టుకొని కూర్చోవాలనిపిస్తది. అది నాది కాదనుకొని ముందుకు పోండి."

"మీరెప్పుడన్న పోగలిగిన్రా సార్?"

"నేర్చుకుంటున్న" అన్నాడాయన.

పాపం, సార్ కూడా క్యాట్ రాసి దెబ్బతిన్నాడు కాబోలు అనుకుని జన్నత్ మరి రెట్టించలేదు.

ఫలితం డిసెంబరులో వచ్చింది. తొంభై తొమ్మిది దాటి ఇంకాస్త. అజ్మతున్నీసా కూతుర్ని పట్టుకుని నవ్వుతూనే ఏడ్చేసింది. జన్నత్ ముందు సార్‌కే ఫోన్ చేసింది. బిజీ. మళ్లీ చేసినా బిజీయే. ఈ మాట అందరికన్నా ముందు వినాల్సిన మనిషి ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడని కాస్త ఉడుక్కుంది కూడా.

లోపలి గదిలో జిలానీ మల్కాజ్‌గిరి వాళ్లతో మాట్లాడుతున్నాడు. కాదని చెప్పడం ఆయనకు చేతకాని పని. ఎన్ని మాటలు పడాలో ఏమోనని జన్నత్ గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన ఫోన్ గుండెకానించుకుని బయటకొచ్చాడు.

"నేను నోరు తెరవకముందే ఆ పిల్లగాడే అన్నడు బేటా. పరీక్షకు ముందే ఈ రిష్తా వద్దని వాళ్లమ్మతోని చెప్పేసిండంట. ఆమెను మంచిగ చదివించండి, నా గురించి మీరేం తక్లీఫ్ పడకండి అన్నడు." జిలానీ ఇంకా లైన్లోనే ఉన్న ఫోన్‌కేసి చూశాడు. "అసొంటి పిల్లగాణ్ణి నేనెక్కడా చూడలే."

జన్నత్‌కి సిగ్గేసింది. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇన్నాళ్లూ కొంగ అంది, నక్క అంది. ఆయన చేసిందల్లా తనకు అడ్డు తప్పుకోవడమే.

"నేనొక్క మాట మాట్లాడత అబ్బా. మాఫీ అడగాలె."

జిలానీ ఓ క్షణం ఆలోచించి ఫోన్ అందించాడు. అవతలి మనిషికి కనబడకపోయినా జన్నత్ దుపట్టా తలమీదికి లాక్కుంది.

"అస్సలాము అలైకుమ్" అంది మెల్లగా.

జవాబిచ్చింది రఫీ సార్.