రెండో కొట్టు

"కొట్టు తలుపు తీయించండి. సంచుల మధ్యలో చెయ్యి పెట్టి చూస్తాను."

ముక్కూమొహం తెలియని కుర్రాడు అలా అడిగేసరికి, రంగనాయకులు సరుకును చూసినట్టు అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

ఉతికిన చొక్కా. అరిగిన చెప్పులు. కొనడానికి వచ్చినవాడు కాదు, అమ్మడానికి వచ్చినవాడూ కాదు.

"ఎవరు నువ్వు?"

"చదువుకుంటా ఉండానండీ, మధ్యప్రదేశ్‌లో. బీయస్సీ. ఫోరెన్సిక్ సైన్సు."

"ఏంది ఆ సైన్సు?"

"నేరం జరిగిన చోట అసలు ఏం జరిగిందో తేల్చే చదువండీ. నిప్పు ఎట్టా పుట్టింది, రక్తం మనిషిదా జంతువుదా, సంతకం ఎవరిది..."

"దానికి డిగ్రీ కూడానా! మా జువ్వలదిన్నె ముసలమ్మలు అరుగు మీద కూచోని రోజూ తేలుస్తానే ఉండారే!"

గుమాస్తా చెంగయ్య పకపకా నవ్వాడు. కుర్రాడు నవ్వలేదు.

"కాలిపోయిన మీ మొదటి కొట్టు చూసినానండీ. పైసంచులు సగమే కాలినాయి. నడిమధ్యవి బూడిదైనాయి. బయట నుంచి అంటిస్తే అట్టా కాలదు. కవళ్ళ చేపల్లో నూనె ఎక్కువ. సరిగ్గా ఎండకుండా పొడి కొట్టి సంచుల్లో బిగిస్తే, లోలోపలే వేడెక్కి అదే అంటుకుంటుంది. ఈ కొట్టులోనూ ఆ సరుకేగా. ఈ పొద్దే సంచులు బయటికి లాగించండి."

రంగనాయకులు కొట్టు తలుపుకు అడ్డంగా జరిగాడు.

కవళ్ళ పొడి పొలాలకు ఎరువుగా పోతుంది. కాస్త తడి ఉండగానే సంచులకు ఎత్తితే తూకం నిలబడుతుంది. ఆ వ్యాపారంలో అందరూ చేసేదే, ఎవరూ పైకి చెప్పనిదీ అదే.

పైగా, మొదటి కొట్టు తగలబెట్టాడని తన బండి తోలే సమాధానం అనే మనిషిని తనే పోలీసులకు పట్టించాడు. కొట్టు వెనక చుట్ట వెలిగిస్తుంటే చూశానని చెంగయ్య చేత చెప్పించాడు కూడా. ఇప్పుడు నిప్పు దానంతటదే పుట్టిందంటే తన మాట ఏం కావాలి? మాట పోయిన వ్యాపారి దగ్గర ఇంక అమ్మడానికి ఏముంటుంది?

అంతలోనే అతని బుద్ధి ఇంకో లెక్క కట్టింది. అదను దాటకముందే రైతులు ఎరువు కోసం వస్తారు. తన సంచులు ఎండలో పడి ఉంటే వాళ్ళంతా తోటపల్లి గూడూరు జయరామయ్య దగ్గరికి పోతారు.

"జయరామయ్య పంపినాడా నిన్ను?"

"ఆయనెవరో నాకు తెలీదండీ."

"మరి ఇందులో నీకేంది లాభం?"

కుర్రాడు ఆ మాట దాటేసి తల తిప్పాడు. కొట్టును ఆనుకుని ఉన్న తాటాకు పంచ వైపు చూశాడు. తన దగ్గర చేపలు ఏరే మస్తానమ్మ కాపురం అక్కడే.

"ఆ అవ్వకు చెప్పి చూసినాను. మీ మాట లేకుండా కదలనంటా ఉంది. ఆమెనన్నా వేరే చోటికి మార్పించండి."

"ఓహో, లోకాన్ని ఉద్ధరించడానికి దిగినావా! చెంగయ్యా, ఈ సైన్సు దొరగార్ని తీసకపోయి బస్సెక్కించు."

చెంగయ్య కుర్రాడి మెడ మీద చెయ్యి వేసి నడిపించాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రెండో కొట్టు కప్పులోంచి పొగ లేచింది.

రంగనాయకులు బజారు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి కొట్టూ, పంచా కలిసి మండుతున్నాయి. మస్తానమ్మ ఇసకలో కూర్చుని దగ్గుతోంది.

"నిద్దరలో ఉండా సామీ. నిన్న నువ్వు గెంటించినావే, ఆ పిల్లోడే ఎత్తకొచ్చినాడు."

"వాడు బస్సెక్కలా?"

"యాడెక్కినాడు! తర్వాతి ఊళ్ళోనే దిగి వచ్చేసినాడంట. పడవల కాడే కాచుకోని ఉండాడు. రెండు చేతులూ కాలినాయి సామీ. పోలీసు స్టేషనుకు పోవాలంటా పరిగెత్తినాడు."

రంగనాయకులు అతని వెనకే పోయి స్టేషను మెట్లెక్కాడు.

"రండి," అన్నాడు సబ్ఇన్‌స్పెక్టరు. "సమాధానాన్ని వదిలేస్తున్నాను. నా లాకప్పులో ఉన్నవాడు మీ రెండో కొట్టు తగలబెట్టలేడు గదా."

రంగనాయకులు తల వంచుకున్నాడు. "ఆ చదువుకునే పిల్లోడు..."

"నిన్న ముందు నా దగ్గరికే వచ్చినాడు. పరీక్షలే రాయనోడి మాట మీద మనిషిని ఎట్టా వదిలేదన్నాను. నమ్మక, ఎగతాళిగా ఇంకో మాట కూడా అన్నాను. 'నువ్వన్నట్టే రెండో కొట్టూ అంటుకుంటే సమాధానం ఆ రోజే ఇంటికి పోతాడు. నువ్వు నోరు మూసుకోని కూచుంటే చాలు. రంగనాయకులు సంచులు తీయించినాడంటే మాత్రం నీ రుజువు పోయినట్టే' అని."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చినాడు?"

"అదే నాకూ అంతుబట్టలా."

రంగనాయకులు లెక్క వేశాడు. ఊరుకుంటే చేతికొచ్చేదాన్ని ఎవడైనా ఎందుకు చెడగొట్టుకుంటాడు? ఎటునుంచి వేసినా తేలలేదు.

లాకప్పు తలుపు తెరుచుకుంది. సమాధానం గడ్డం పెరిగిన మొహంతో బయటికి వచ్చాడు.

వాకాడు నుంచి వచ్చి ఇన్నేళ్ళుగా తన సరుకు మోసినవాడు. వీడికి పెళ్ళాం పిల్లలు ఉన్నారో లేదో రంగనాయకులు ఒక్కనాడూ అడగలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సమాధానం అతని వైపు చూడనే లేదు. గబగబా వరండాలోకి నడిచాడు.

అక్కడ బల్ల మీద కూర్చున్న కుర్రాడు చప్పున లేచి, గుడ్డలు చుట్టిన చేతులు వీపు వెనక దాచుకుంటూ, "నాయనా, ఇంటికి పోదాం రా," అన్నాడు.