పాటల బస్సు

“ఈ ఏడు ఆ బస్సు కదలడానికి వీల్లేదు!”

మీటింగులో మొదటి మాటే అలా పడింది. ఆపైన హాలంతా తేనెతుట్టె కదిపినట్టయింది.

స్టేజీ మీద మైకు పట్టుకుని నిలబడ్డ హెడ్‌మిస్ట్రెస్ చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమని సైగ చేసింది. ఆమె ఈ బడికి వచ్చి వారమే అయింది. వస్తూనే నెత్తిన పడ్డ తగువు ఇది. బడి వాద్యబృందం ఏటా దూరపు నగరంలో జరిగే సంగీత పోటీలకు వెళ్తుంది. పిల్లలు దారి పొడవునా పాడుకుంటూ పోతారని దానికి పాటల బస్సని పేరు. పోయినేడు తిరుగు ప్రయాణంలో, జోరువానలో, ఎదురుగా వస్తున్న లారీ అదుపు తప్పి ఆ బస్సును గుద్దింది. ఒక పిల్ల పోయింది. ఇదంతా ఆమె విన్నదే. ఎవరు ఎవరో మాత్రం ఆమెకింకా తెలియదు.

“పాట ఇక్కడ పాడితే పలకదా? మన స్టేజీకేం రోగం?” అన్నాడొకాయన.

“మావాడి డ్రమ్ము దెబ్బకి పక్కింటివాళ్లే ఇల్లు మారారు. వాళ్లు చేసిన ప్రయాణం చాల్లెండి,” అన్నాడు ఒక భారీకాయుడు.

ఎవరూ నవ్వలేదు. అన్నవాడూ నవ్వలేదు.

హెడ్‌మిస్ట్రెస్ చూపు ముందు వరసలో ఒక మనిషి దగ్గర ఆగింది. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. వచ్చినప్పటినుంచి తలెత్తలేదు. బస్సు అన్న మాట వినబడ్డప్పుడల్లా అతని భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. హాలు కిటకిటలాడుతున్నా అతనికి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అంత దుఃఖం పక్కన కూర్చోవడానికి ఎవరికి మాత్రం ధైర్యం చాలుతుంది?

‘అయ్యో, ఈయనేనా!’ అనుకుంది. గుండె చెరువైంది.

“అయ్యా,” అంది మైకు దించి. “మీ ముందు ఈ ఊసెత్తడమే పాపం. మమ్మల్ని మన్నించండి.”

అతను మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. స్టేజీ మీద ఆమె పక్కనే ఉన్న సంగీతం మాస్టారు ఏదో చెప్పబోయాడు.

అంతలో చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. ఆఫీసునుంచి నేరుగా వచ్చినట్టుంది. భుజాన సంచీ, మెడలో గుర్తింపు కార్డు.

“బస్సు కదలాలండీ,” అంది.

“మీ పిల్ల కూడా బృందంలోనేనా?” అంది హెడ్‌మిస్ట్రెస్.

“వయొలిన్. రెండో వరస.” ఆవిడ సంచీ భుజం మీదికి సర్దుకుంది. “మహా బెదురుగొడ్డు. చుట్టాలొస్తే వయొలిన్ మంచం కిందికి తోసేసేది. అలాంటిది పోయినేడు అక్కడ, హాలు నిండా కొత్తమొహాల ముందు వాయించింది. నాకు ఫోను చేసి, ‘అమ్మా, మేమెవరమో కూడా తెలీనివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారే!’ అంది. కన్నదాన్ని, దాని గొంతులో ఆ ధీమా అంతకుముందెప్పుడూ వినలేదు. ఇంట్లో మనం ఎంత మెచ్చుకున్నా కాకిపిల్ల కాకికి ముద్దే కదండీ! ఊరు దాటి వెళ్లి, పరాయివాళ్ల చేత ఔననిపించుకుంటేనే వాళ్లకి తమ మీద నమ్మకం. మిగతా పిల్లలకీ ఆ రోజు దక్కాలి.”

హెడ్‌మిస్ట్రెస్‌కి ఒళ్లు మండింది. కళ్లముందు ఒక మనిషి కుమిలిపోతుంటే, ఈవిడ తగుదునమ్మా అని లేచి తన కూతురి చప్పట్లు ఏకరువు పెడుతోంది!

“ఎవరి గొడవ వాళ్లది,” అంది. గొంతు అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది. “కడుపుకోతంటే ఏమిటో తెలిసినవాళ్లెవరూ ఈ మాట అనరమ్మా. కూర్చోండి.”

హాల్లో వాళ్లంతా చివరి వరస వైపు తిరిగారు.

ఆవిడ వరసల మధ్యనుంచి మెల్లగా నడిచి ముందుకొచ్చింది. ఏడుస్తున్న మనిషి పక్క ఖాళీ కుర్చీలో కూర్చుని, అతని చేతిమీద చెయ్యి వేసింది.

“ఊరుకోండన్నయ్యా,” అంది. “ఈసారి కూడా మీరు రావాలి.”

భారీకాయుడు లేచాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“మావాణ్ణి పంపిస్తానండీ.”

“మా పాపని కూడా,” అంది ఇంకో తల్లి. మొదట్లో బస్సు కదలడానికి వీల్లేదన్న మనిషే చెయ్యెత్తాడు. ఆ తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి.

హెడ్‌మిస్ట్రెస్‌కి ఏమీ అంతుపట్టలేదు. ఇంతసేపూ ఇంతెత్తున ఎగిరినవాళ్లు, తాను కసిరి కూర్చోబెట్టిన మనిషి మాటకి ఇలా కరిగిపోయారేమిటి? సంగీతం మాస్టారి వైపు వంగింది.

“ఎవరండీ ఆవిడ?”

మాస్టారు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

“ముందు వరసలో ఏడుస్తున్నది ఆ రోజు బస్సు నడిపిన మన డ్రైవరు మేడమ్, పిల్లని పోగొట్టుకున్నది ఆవిడ.”