సంతకం గిటారు

ఈమధ్య ఏ చర్చిలో చూసినా సంతకం గిటార్లే. పైన పేరున్న కళాకారుడి సంతకం, లోపల ఆయన వేళ్ల పనితనం నింపిన యంత్రం. మనం తప్పు తీగ నొక్కినా అది ఒప్పే పలుకుతుంది. స్కూటరూ, ఇరవయ్యేళ్లు వాయించిన పాత బేస్ గిటారూ ఇచ్చేసి నేనూ ఒకటి తెచ్చుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నా భుజం తట్టారు. "ఏం వాయించావయ్యా ప్రకాశరావూ! పెట్టిన డబ్బు ఊరికే పోలేదు."

నా భార్య సువార్తకి చెవులు వినపడవు. ఆడవాళ్ల వైపు చివర్న, కళ్లు మూసుకుని, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నా వాయింపు వింటుంది. ఆరోజు గుమ్మం దగ్గర నన్ను ఆపి, అందరికీ వినపడేంత గట్టిగా అడిగింది.

"ఏవండీ, ఇవాళ మీరు వాయించలేదేం? మూడో చరణం ఎత్తుకునేటప్పుడు మీరెప్పుడూ కాస్త వెనకబడతారు కదా. ఈయనెవరోగానీ అస్సలు వెనకబడలేదు."

పాస్టరుగారు చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నారు.

చెయ్యి నొప్పిగా ఉందని సైగ చేశాను.

నడిచి ఇల్లు చేరాక ఆమె కొబ్బరినూనె వెచ్చజేసి తెచ్చింది. ఏ పనీ చెయ్యని నా వేళ్లని ఒక్కొక్కటే పట్టుకుని మర్దనా చేసింది.

"పాపం, ఇన్నేళ్లుగా ఎంత కష్టపడ్డాయో," అంది.