తాళం బీరువా

"మళ్ళీ వచ్చాడమ్మగారూ ఆ ముసలోడు!" చీపురు ఆపి గుసగుసలాడింది బెర్తా.

హెస్టర్ తలెత్తింది. థార్న్‌బీ ఊరి గ్రంథాలయంలో పదకొండేళ్ళుగా ఆవిడదే పెత్తనం.

ఎదురుగా టోపీ చేత్తో పట్టుకుని క్రాబ్‌ట్రీ నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళు మిల్లులో ఉన్ని ఏరి, చూపు మందగించి ఇంటిపట్టున ఉంటున్న మనిషి.

"ఆ బీరువాలో పుస్తకం కావాలమ్మాయీ."

ఆ బీరువాకు ఎప్పుడూ తాళమే. బూతు నాటకాలు, పచ్చి పాటలు, రంకు కేసుల తీర్పులు అందులో ఉంటాయి. అడిగినవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టాలి. మూడేళ్ళుగా అందులో ఒకటే సంతకం.

"ఇవన్నీ ఎందుకండీ మీకు?"

"మాటలు ఏరుకోవడానికి."

ఆయన అటు వెళ్ళగానే బెర్తా కిసుక్కున నవ్వింది. "కాటికి కాళ్ళు చాపుకుని ఏరుకునే మాటలేనా అవి! చీటీల మీద రాసుకుని మరీ పోతాడమ్మగారూ!"

హెస్టర్‌కు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే గ్రంథాలయ కమిటీకి ఫిర్యాదు రాసింది. కాముకుడని సూటిగా రాయడానికి సిగ్గేసి, కోర్టుల్లో, చర్చిల్లో వాడే పెద్దమాట ఒకటి పట్టుకొచ్చి పెట్టింది. లసివియస్.

వారం తిరక్కుండా ఆయన కార్డు రద్దయింది.

క్రాబ్‌ట్రీ గ్రంథాలయానికి వచ్చి, కమిటీ పంపిన ఫిర్యాదు కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. కోప్పడలేదు.

"ఒక్క పుస్తకం మిగిలిపోయిందమ్మాయీ. మీ ఎదురుగానే కూర్చుని చూసుకుంటాను. ఒక్క గంట."

"కుదరదు."

"పోనీలెండి. కానీ ఈ మాట నాకు అతకదమ్మా. మనసులో కోరిక ఉన్నంత మాత్రాన ఈ మాట అనరు. అది చూపులోకో చేతిలోకో దిగి ఎదుటివాళ్ళ ఒంటిమీద పాకాలి. నేనెప్పుడైనా మిమ్మల్ని అలా చూశానా?"

మూడేళ్ళలో ఆయన పుస్తకంలోంచి తలెత్తిందే లేదు. ఆ సంగతి హెస్టర్‌కూ తెలుసు. అయినా తలుపు వైపు వేలు చూపించింది.

రెండు చలికాలాలు గడిచాయి. దేశమంతా ఎదురుచూస్తున్న మహా నిఘంటువులో 'ఎల్' అక్షరం భాగం అచ్చయి వచ్చింది.

"అప్పుడు ఆ ముసలోడి మీద ఏదో గట్టి మాట రాశారే, దానికి అర్థం చూడండమ్మగారూ!" అంది బెర్తా.

హెస్టర్ నవ్వుతూ పేజీ తిప్పింది. రెండు వాక్యాలు చదివేసరికి నవ్వు ఎగిరిపోయింది.

'కోరిక ఒక్కటే చాలదు. అది చూపులోనో చేష్టలోనో బయటపడి ఎదుటివారి ఒంటిమీద పాకాలి.'

కింద ఐదు ఉదాహరణలు. ఐదూ తాళం బీరువా పుస్తకాల్లోవే. ఆ తర్వాత ఒక ముక్క: 'ఇంతకంటే పాత వాడుక ఉండవచ్చు. ఆ పుస్తకం చూసే వీలు చిక్కలేదు.'

అయ్యో, ఎంత పని చేశాను! హెస్టర్ లేచి కోటు అందుకుంది.

"ఎక్కడికమ్మగారూ?"

"క్రాబ్‌ట్రీ గారింటికి."

"గారా!" బెర్తా నోరు వెళ్ళబెట్టింది. "ఆయన పోయి ఏడాది కాలేదూ?"

హెస్టర్ కోటుతోనే కూలబడింది. ముందుమాట తిరగేసింది. చివర్లో సన్నటి అక్షరాలు ఉన్నాయి.

'మర్యాదస్తులైన పండితులెవరూ ముట్టుకోని మాటలన్నిటినీ, నిందలు పడుతూ, ఒక్క పెన్నీ పుచ్చుకోకుండా మా కోసం ఏరిపెట్టిన థార్న్‌బీ ఉన్ని కార్మికుడు సైలస్ క్రాబ్‌ట్రీకి ఈ భాగం అంకితం.'