అర మెట్టు

“మళ్ళీ శ్రుతి దించుతున్నావా?” అన్నాడు డ్యూయీ, బేస్ గిటారు పట్టీ భుజానికి తగిలించుకుంటూ.

వెర్నా తలెత్తలేదు. తన గిటారు బిరడాలు ఒక్కొక్కటే వదులు చేస్తోంది. “ఇంకో అర మెట్టు. నీదీ దించు. బాబాయ్ వచ్చేస్తాడు.”

“మార్చిలో అర మెట్టు, ఇవాళ ఇంకో అర. ఇలా అయితే క్రిస్మస్‌కి నా తీగలు నేలమీద పాకుతాయి. నీ గొంతు పైకి అందట్లేదు బాబాయ్ అని ఆ ముక్కేదో ఆయనతోనే చెప్పేయొచ్చుగా?”

“నువ్వు చెప్పు మరి, అంత మొనగాడివైతే.”

డ్యూయీ తన బిరడాల పనిలో పడ్డాడు.

చెప్పడం ఎవరి తరం? ‘టర్న్‌రో’ బ్యాండులో ఉన్నదే ముగ్గురు. దానికి ప్రాణం బాబాయ్ లానీ పెట్వే గొంతు. బ్లూస్ ఏడుపూ కంట్రీ పాటల నడకా కలిసిన ఆ గొంతు కోసమే జనం వచ్చేది. ఆయనేమో ఊరంతా వినేలా ఒట్టు పెట్టుకు కూర్చున్నాడు: “నా పాట ‘ఎ’ శ్రుతిలో పాడలేని రోజు ఇక మైకు ముట్టుకోను!” అన్నంత పనీ చేసే రకం. సిగరెట్లు అలాగే మానేశాడు, సొంత తమ్ముడితో మాటలూ అలాగే మానేశాడు. అందుకే వెర్నా ఈ దొంగపనికి దిగింది. తీగలు దించేస్తే వేళ్ళు పట్టే చోట్లు మారవు, శ్రుతి మాత్రం కిందికి జారి పాడేవాడి గొంతుకి అందుతుంది. అయినా మోసం మోసమే. ఆర్నెల్లుగా ఆయన కళ్ళలోకి సూటిగా చూడలేక నలిగిపోతోంది.

లానీ వచ్చాడు. ఫైర్‌స్టేషన్ షెడ్డు నిండా జనం, జెల్లచేపల వేపుడు వాసన. వెర్నా ఒకసారి తీగలు మీటింది. ఆయన ఆగి, కళ్ళు మూసుకుని విన్నాడు. “బావుందమ్మాయ్,” అని తన సంచిలో ఏదో వెతుక్కుని జేబులో వేసుకున్నాడు.

మూడు పాటలు సాఫీగా సాగాయి. నాలుగోది ఆయన సొంత పాట. ఎత్తుకోబోతుంటే ముందు వరసలోంచి ముసలి ఎర్లీన్ లేచింది.

“తమ్ముడూ! మా ఆయన క్లీటస్‌ని పూడ్చిన రోజు మౌతార్గాన్ మీద ఇదే వాయించావు. ఇవాళా వాయించు. పళ్ళ సెట్టు వదులని వంకలు చెప్పావంటే ఊరుకోను!”

జనం చప్పట్లు కొట్టారు. వెర్నా డ్యూయీ వైపు చూసింది.

గిటారు తీగలు దించవచ్చు గానీ మౌతార్గాన్‌ని దించలేం. అది ఏ శ్రుతిలో పుడితే అందులోనే చస్తుంది. ‘ఎ’ శ్రుతిలో బ్లూస్ వాయించాలంటే ‘డి’ మౌతార్గానే పట్టాలి, ఈ పాటకి లానీ వాడేదీ ‘డి’ అక్షరం చెక్కినదే. ఇప్పుడు వీళ్ళు రెండు విడతలుగా మొత్తం ఒక మెట్టు దించిన శ్రుతికి ‘సి’ కావాలి. మార్చి నుంచీ ఆయన దాన్ని బయటికి తీయకపోవడంతో ఆ సంగతే మరిచిపోయారు. ఒక్కసారి ఊదితే చాలు, ఊరందరి ముందూ గుట్టు రట్టవుతుంది. ఆయన మైకు వదిలేసి వెళ్ళిపోతాడు.

“వద్దు బాబాయ్, ఆయాసం వస్తుంది,” అంది వెర్నా కంగారుగా.

“ఎత్తుకోవే పిల్లా.”

వెర్నా ఎత్తుకుంది. లానీ ఊదాడు.

ఒక్క అపస్వరం లేదు. తీగల్లో కలిసిపోయింది మౌతార్గాన్. ఎర్లీన్ ఏడ్చేసింది. డ్యూయీ నోరు తెరిచి, తాళం కూడా తప్పాడు.

పాట అయ్యీ అవగానే వెర్నా ఆయన చేతిలోంచి మౌతార్గాన్ లాక్కుని చూసింది. దానిమీద ‘సి’ అని ఉంది.

“బాబాయ్... నీకెప్పట్నుంచి తెలుసు?”

“ఏంటి తెలిసేది? నాకేం తెలీదు,” అన్నాడు లానీ. “తెలిస్తే మైకు ముట్టుకోకూడదు కదా, ఒట్టు!” ఆయన గొంతు బొంగురుపోయింది. “మంచినీళ్ళు తాగొస్తా. నా సంచి చూస్తుండు.”

సంచి నోరు తెరిచే ఉంది. అడుగున పాత ‘డి’ పడి ఉంది. దాని పక్కనే పైకాగితమైనా విప్పని కొత్త మౌతార్గాన్ పెట్టె. దానిమీద ‘బి’ అని ఉంది. ఇంకో అర మెట్టు కిందిది.